ఎంత జంతువుకు ఎంత తూటా?

జింకకు ఒకటి, పందికి ఒకటి, ఎల్క్‌కు ఇంకొకటి కొనాలా? సన్నీవేల్ నుంచి వేటకు బయల్దేరే తెలుగువాళ్ల కోసం ఒక రైఫిల్ లెక్క

సన్నీవేల్‌లో హెచ్-1బి మీద ఉంటున్న తెలుగువాడు తుపాకీ పట్టుకోవాలంటే ముందు వేట లైసెన్సు తెచ్చుకోవాలి. వినడానికి తలకిందులుగా ఉన్నా అమెరికా ఫెడరల్ చట్టం చెప్పేది అదే. హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1, హెచ్-4... తాత్కాలిక వీసా ఏదైనా సరే, దాని మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ ఉన్నా నేరమే, తూటా ఉన్నా నేరమే. 1998లో వచ్చిన ఈ నిషేధానికి కొన్ని మినహాయింపులున్నాయి. వాటిలో మామూలు ఉద్యోగికి అక్కరకొచ్చేది ఒక్కటే: అమెరికాలో ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. గ్రీన్‌కార్డు చేతికొచ్చినవాళ్లకు ఈ తిరకాసు లేదు. మిగతావాళ్లు శనివారం సరదాగా రేంజికి వెళ్లి అద్దె తుపాకీతో నాలుగు రౌండ్లు కాల్చినా ఇదే చట్టం కిందికి వస్తారు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. కాలిఫోర్నియా వేట లైసెన్సు జూలై 1న మొదలై మరుసటి ఏడు జూన్ 30తో ముగుస్తుంది. రెన్యువల్ మర్చిపోతే, నిన్నటిదాకా సక్రమంగా ఉన్న రైఫిల్, దాని పక్కనున్న తూటాల డబ్బా తెల్లారేసరికి వీసాకే ఎసరు పెట్టే వస్తువులైపోతాయి. సందేహముంటే ఇమిగ్రేషన్ లాయరుకు ఫీజు కట్టి అడగండి గానీ, వాట్సాప్ గ్రూపులో అడక్కండి.

ఆ లైసెన్సు కావాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసవ్వాలి. కాలిఫోర్నియాలో 1954 నుంచి ఉన్న నియమమిది. కాగితం కోసమని వెళ్లినవాళ్లలో కొందరికి అక్కడే అడవి మీద మనసు పడుతుంది. ఇక ఆ తర్వాత ఏ పాట్‌లక్‌లో కలిసినా ప్రశ్నలే. "అన్నా, జింకకి ఏది తీసుకోవాలి? అదే ఎల్క్‌కి పనికొస్తుందా? మా ఆఫీసులో ఒకాయన మూడొందల మ్యాగ్నం లేకుండా ఎల్క్ జోలికి పోవద్దంటున్నాడు, నిజమేనా?"

ఈ ప్రశ్నలన్నీ జంతువు బరువుతో మొదలవుతాయి. బరువు లెక్కలోకి రాదని కాదు, వస్తుంది. కాకపోతే మూడో స్థానంలో వస్తుంది. కాల్చే మనిషి భుజం ఎంత తన్ను భరించగలదన్నది మొదటిది, ఆ గుండు దేనితో చేసిందన్నది రెండోది. ఈ రెండూ తేలాక జంతువు బరువు చూసుకుంటే సన్నీవేల్ వేటగాడికి ఒక్క రైఫిల్ చాలు.

దుప్పి, కణితి, పంది

ముందు ఏ జంతువుల గురించి మాట్లాడుకుంటున్నామో చూద్దాం. మన చుట్టుపక్కల కొండల్లో తిరిగేది కొలంబియన్ బ్లాక్‌టెయిల్ జింక. మగది యాభై నుంచి తొంభై కిలోల దాకా తూగుతుంది. మన నల్లమల దుప్పి ఎంతో ఇదీ దాదాపు అంతే. తూలే ఎల్క్ మగది రెండొందల కిలోలు దాటుతుంది, అంటే మన కణితికి సమానం. అడవిపంది రెండుచోట్లా అడవిపందే. మామూలుగా యాభై నుంచి తొంభై కిలోలు, ముదురు మగపందులు అంతకన్నా ఎక్కువ. కుందేళ్లు, నేల ఉడుతలు సరేసరి.

ఇక్కడ లేనివి కూడా చెప్పాలి, ఎందుకంటే దుకాణంలో అమ్మేవాళ్లు వాటి పేర్లే ఎక్కువ చెబుతారు. అలాస్కా మూస్ అయిదారు వందల కిలోల జంతువు. బ్రౌన్ బేర్ తిరగబడితే మనిషి మిగలడు. వాటి కోసం 1912లో పుట్టిన .375 హెచ్ అండ్ హెచ్ లాంటి భారీ తూటాలున్నాయి. సన్నీవేల్ నుంచి వెళ్లేవాళ్లలో నూటికి తొంభై మంది జీవితంలో వాటి జోలికి పోరు కనుక నేనూ పోను.

తూటా అంటే నాలుగు వస్తువుల పొందిక: ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, మూతిన గుండు. .308 అన్న అంకె గుండు అడ్డుకొలత, అంగుళాల్లో. .30-06లో చివరి అంకె అది పుట్టిన 1906వ సంవత్సరం. .30-30లో చివరి ముప్పై మాత్రం మందు బరువు. .270 గుండును కొలిస్తే .277 వస్తుంది. ఈ పేర్లలో పద్ధతి వెతకడం దండగ. గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: .308 విన్‌చెస్టర్, .30-06, .300 విన్ మ్యాగ్ మూడింటిలోనూ గుండు అడ్డుకొలత ఒక్కటే. తేడా అంతా వెనకున్న మందులో ఉంది. మందు పెరిగితే వేగం పెరుగుతుంది, వేగంతో పాటు భుజం మీద తన్నూ పెరుగుతుంది.

గుండు బరువును గ్రెయిన్లలో చెబుతారు. గ్రాముకు సుమారు 15 గ్రెయిన్లు. కింది నుంచి పైకి వస్తే, .22 లాంగ్ రైఫిల్‌లో 40 గ్రెయిన్ల గుండు సెకనుకు 1,200 అడుగుల వేగంతో బయల్దేరి, గొట్టం మూతి దగ్గర 130 ఫుట్-పౌండ్ల శక్తి చూపిస్తుంది. 1887 నాటి ఈ తూటా కుందేలుకు, గురి నేర్చుకోవడానికి దివ్యంగా ఉంటుంది. జింక మీద దీన్ని వాడటం కాలిఫోర్నియాలో చట్టవిరుద్ధం. అంచున పేలే రిమ్‌ఫైర్ తూటాలు పెద్ద జంతువులకు నిషిద్ధం. మధ్యలో ప్రైమర్ ఉన్న సెంటర్‌ఫైర్ రైఫిల్, తగలగానే విచ్చుకునే గుండు తప్పనిసరి. .223లో 55 గ్రెయిన్ల గుండుకు 1,280 ఫుట్-పౌండ్లు. కాగితం మీద జింకకు చాలుతుందనిపించినా నేనైతే వాడను. తేలిక గుండు ఎముకకు తగిలితే లోపలికి దిగుతుందన్న భరోసా తక్కువ.

1955లో వచ్చిన .243 విన్‌చెస్టర్ దగ్గర అసలు కథ మొదలవుతుంది: 100 గ్రెయిన్ల గుండు, 1,900 ఫుట్-పౌండ్లకు పైన. .308లో 150 గ్రెయిన్లకు దాదాపు 2,650. 1925 నాటి .270లో 130 గ్రెయిన్లకు 2,700. .30-06లో 180 గ్రెయిన్లకు 2,900. .300 విన్ మ్యాగ్‌లో అదే 180కి 3,500. 2007లో హార్నడీ కంపెనీ తెచ్చిన 6.5 క్రీడ్‌మూర్ ఈ వరుసలో .243కీ .308కీ నడుమ కూర్చుంటుంది. తన్ను తక్కువ, గాలికి గుండు పక్కకు కొట్టుకుపోవడమూ తక్కువ. అందుకే కొత్తవాళ్లు దాని వెంటపడుతున్నారు, అందులో తప్పేమీ లేదు.

జింకకు వెయ్యి, ఎల్క్‌కు పదిహేను వందల ఫుట్-పౌండ్లు ఉండాలని వేటగాళ్లు ఒక లెక్క చెబుతుంటారు. అది వాడుక మాటే. రాసి పెట్టిన చట్టం చూడాలంటే కొలరాడోకి పోవాలి. పెద్ద జంతువులకు గుండు అడ్డుకొలత కనీసం .24 అంగుళాలు, వంద గజాల దగ్గర కనీసం వెయ్యి ఫుట్-పౌండ్లు, గుండు బరువు జింకకు 70 గ్రెయిన్లు, ఎల్క్‌కు 85 గ్రెయిన్లు ఉండాలంటుంది ఆ రాష్ట్రం. ఎల్క్ వేటకు పేరుపడ్డ రాష్ట్రమే .243ని కాదనలేదు. మ్యాగ్నం లేనిదే ఎల్క్ పడదనే ఆఫీసు మిత్రుడికి ఈ సంగతి చెప్పండి.

భుజమే మొదటి కొలత

సౌత్ శాన్ హోసే కొండల్లో కౌంటీ వాళ్ల ఫీల్డ్ స్పోర్ట్స్ పార్క్ అని ఒక పబ్లిక్ రేంజి ఉంది. అలాంటి చోట ఆగస్టుకు ముందు ఏ ఆదివారమైనా ఒక గంట కూర్చుని చూడండి. తుపాకుల గురించి పుస్తకాలు చెప్పనిది అక్కడ కనిపిస్తుంది. పక్క బెంచీ మీద కొత్త రైఫిల్, కొత్త స్కోపు, .300 మ్యాగ్నం. మొదటి మూడు గుండ్లు బాగానే పడతాయి. నాలుగోది పక్కకు పోతుంది. ఏడోది కాగితాన్నే తాకదు. ఆ మనిషి స్కోపును తిప్పడం మొదలుపెడతాడు. స్కోపులో లోపమేమీ ఉండదు.

దీన్ని పట్టుకోవడానికి పాత చిట్కా ఒకటుంది. కాల్చే మనిషికి తెలియకుండా స్నేహితుడు తుపాకీ నింపాలి. ఒకసారి అసలు తూటా, ఒకసారి ఉత్తి డమ్మీ. ఏది లోపలుందో తెలియని మనిషి చెంప ఆనించి, ఊపిరి బిగబట్టి, ట్రిగ్గర్ నొక్కుతాడు. డమ్మీ వచ్చినప్పుడు 'టక్'మని మాత్రమే వినిపిస్తుంది, తుపాకీ పేలదు. కానీ గొట్టం మూతి ఒక్క ఉదుటున రెండంగుళాలు కిందికి దిగుతుంది, కళ్లు గట్టిగా మూసుకుపోతాయి, భుజం ముందుకు తోసుకొస్తుంది. పేలని తుపాకీకి ఒళ్లు జడిసిన వైనమంతా నలుగురి ముందూ బయటపడుతుంది. అసలు తూటా పేలినప్పుడు కూడా ఇదే జరుగుతోంది. అప్పుడు చప్పుడులో, కుదుపులో కలిసిపోయి ఎవరికీ కనబడదు, అంతే.

మామూలు బరువున్న వేట రైఫిల్‌లో .243 తన్ను సుమారు పది ఫుట్-పౌండ్లు. .308 పదహారు, పదిహేడు. .30-06 ఇరవై దాకా. .300 మ్యాగ్నం పాతిక దాటి పోతుంది. .375కి వెళ్తే నలభైకి దగ్గర పడుతుంది. కొండలెక్కడానికి హాయిగా ఉంటుందని తేలిక రైఫిల్ కొంటే ఈ అంకెలన్నీ ఇంకా పెరుగుతాయి. ఏడాదికి నాలుగుసార్లు తుపాకీ పట్టే మనిషి తన్నును ఇరవై దాటనివ్వకపోవడం మంచిది. ఎత్తూ బరువూ తక్కువగా ఉన్నవాళ్లు .243 గానీ 6.5 క్రీడ్‌మూర్ గానీ తీసుకుంటే చిన్నతనమేమీ కాదు.

మరి ఎంత దూరం కాల్చొచ్చు? దీనికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. పాట్‌లక్‌లో మిగిలిన ఎనిమిదంగుళాల పేపర్ ప్లేట్లు చాలు. జింక ముందుకాలి జబ్బ వెనక గుండెకాయ, ఊపిరితిత్తులు ఉండే చోటు దాదాపు అంతే ఉంటుంది. బెంచీ వదిలి మోకాలి మీద కూర్చుని, లేదా రెండు కర్రల ఆసరాతో, అయిదింటికి అయిదు గుండ్లూ ప్లేటులో పడే దూరం ఎంతో అదే మీ హద్దు. వంద గజాలైతే వంద, నూట యాభై అయితే నూట యాభై. ఇక్కడి ఓక్ చెట్ల కొండల్లో, చాపరల్ పొదల్లో రెండొందల గజాలు దాటి కాల్చాల్సిన అవసరం పెద్దగా రాదు. 150 గ్రెయిన్ల .308ని రెండొందల గజాలకు కుదిర్చితే వంద దగ్గర రెండంగుళాలు పైన, మూడొందల దగ్గర సుమారు ఎనిమిది, తొమ్మిది అంగుళాలు కింద తగులుతుంది. అంటే రెండొందల లోపు ఏ లెక్కలూ వేయకుండా జబ్బ వెనక్కి గురిపెట్టేయొచ్చు.

గుండు తగలాల్సిన చోట తగలడమంటే ఏమిటో వంద ఏళ్ల కిందటే ఒకాయన తేల్చిచెప్పాడు. స్కాట్లండ్ వాడు డబ్ల్యు.డి.ఎం. బెల్ ఆఫ్రికాలో వెయ్యికి పైగా ఏనుగుల్ని చంపాడు. ఆ రక్తపాతాన్ని ఇవాళ మెచ్చుకునేవారు ఉండరు, ఉండక్కర్లేదు కూడా. కానీ వాటిలో ఎక్కువ భాగానికి ఆయన వాడింది 7×57 మౌజర్, ఇవాళ జింకలకు వాడే తూటా. చచ్చిన ఏనుగు తలను రంపంతో కోయించి మెదడు సరిగ్గా ఎక్కడుంటుందో చదువుకున్నాడు కనుక ఆయనకు అది చాలింది. 1907లో చంపావత్ పులిని చంపినందుకు జిమ్ కార్బెట్‌కు బహుమతిగా ఇచ్చిన .275 రిగ్బీ రైఫిల్ కూడా ఇంకో పేరుతో ఉన్న ఆ 7×57 తూటాదే.

షికారు రోజుల నుంచి త్రీ వన్ ఫైవ్ దాకా

మనవైపు పెద్ద తుపాకీ మోజు షికారు రోజుల నాటిది. 1902లో వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర చచ్చిన పులి పక్కన లార్డ్ కర్జన్, ఆయన భార్య నిలబడి తీయించుకున్న ఫొటో ఇప్పటికీ ప్రపంచమంతా తిరుగుతూనే ఉంది. తీసింది లాలా దీన్ దయాళ్ స్టూడియో. సికింద్రాబాద్ పక్కన బొల్లారంలో 1910లో పుట్టిన కెన్నెత్ ఆండర్సన్ తిరుపతి పక్కన మామండూరు అడవుల్లో, దక్షిణాది కొండల్లో మనిషి రుచి మరిగిన పులుల వెంట తిరిగి పుస్తకాలు రాశాడు. ఆయన చేతిలో ఉండేది .405 విన్‌చెస్టర్. 300 గ్రెయిన్ల గుండు, మూడు వేల ఫుట్-పౌండ్ల పైన శక్తి, భుజం మీద మర్చిపోలేని తన్ను. పొదలో నుంచి పదడుగుల దూరంలో పులి మీదికి దూకే పరిస్థితికి అది సబబే. నూట యాభై గజాల అవతల గడ్డి మేసే జింక పరిస్థితి వేరు.

తూటా ఎంపికలో జంతువు కన్నా సర్కారు పెత్తనమే ఎక్కువన్నది కూడా మనకు కొత్త కాదు. తిరుగుబాటుదారుల చేతుల్లోని పాత సైనిక తుపాకులకు పనికొస్తాయన్న భయంతో బ్రిటిష్ ప్రభుత్వం 1907 ప్రాంతంలో .450 బోరు తుపాకుల్ని ఇండియాలోకి రానివ్వడం మానేసింది. ఆ దెబ్బకు లండన్ కంపెనీలు .465, .470 అంటూ కొత్త కొలతలు పుట్టించాయి. ఏనుగుల్లో, అడవిదున్నల్లో మాత్రం ఏ మార్పూ రాలేదు! త్రీ నాట్ త్రీ కూడా సైన్యానిదే కాబట్టి మామూలు లైసెన్సుదారుకు అందలేదు. అందుకే మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ .315 స్పోర్టింగ్ రైఫిల్ తయారుచేసింది. ఊళ్లో పెద్దకాపుల ఇళ్లలో, బ్యాంకు గార్డుల చేతుల్లో మీరు చూసి ఉంటారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట అన్నది ముగిసిన అధ్యాయం. ఇప్పుడు పంటల మీద పడే అడవిపందినైనా అటవీ అధికారుల ఉత్తర్వు ఉంటేనే కాల్చాలి.

కాలిఫోర్నియాలో అలాంటి సర్కారీ షరతు ఒక పక్షి వల్ల వచ్చింది.

కాండర్ రాయించిన చట్టం

కాలిఫోర్నియా కాండర్ రెక్కలు చాపితే తొమ్మిదిన్నర అడుగులు. చచ్చిన జంతువుల్ని తిని బతికే రాబందు జాతి. 1982 నాటికి ప్రపంచం మొత్తంలో మిగిలినవి 22. 1987లో అడవిలో మిగిలిన ఆఖరి పక్షిని కూడా పట్టి జూకు తరలించి, పిల్లలు చేయించి, మళ్లీ వదలడం మొదలుపెట్టారు. సన్నీవేల్ నుంచి రెండు గంటల ప్రయాణంలో ఉన్న పిన్నకిల్స్ నేషనల్ పార్కులో 2003 నుంచి వదులుతున్నారు. ఇప్పుడు జూల్లోవీ అడవుల్లోవీ కలిపి అయిదొందలు దాటాయి. వదిలిన పక్షులు చస్తున్నది ఎందుకో చూస్తే, అన్నిటికన్నా పెద్ద కారణం సీసం.

ఎలాగంటే, సీసం గుండు సెకనుకు రెండున్నర వేల అడుగుల వేగంతో జింకను తాకినప్పుడు ముందుభాగం చితికి, నలకలు నలకలుగా మాంసంలోకి, పేగుల్లోకి చిమ్ముతుంది. వేటగాడు పేగులు తీసి అక్కడే వదిలి వస్తాడు. మర్నాడు కాండర్లు వాలతాయి. ఒకే కుప్ప మీద పది పక్షులు తిన్నాయంటే పదింటికీ విషమే. 2008 జూలై నుంచి కాండర్లు తిరిగే ప్రాంతాల్లో సీసం గుండ్లతో పెద్ద జంతువుల వేటను ఆపేశారు. 2013 అక్టోబరులో గవర్నర్ జెర్రీ బ్రౌన్ సంతకం చేసిన చట్టం 2019 జూలై 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చి, రాష్ట్రమంతటా ఏ జంతువు వేటకూ సీసం పనికిరాదంది.

పిల్లలున్న ఇంట్లో ఇది పక్షి గొడవ మాత్రమే కాదు. 2008లో నార్త్ డకోటాలో పేదలకు దానంగా వచ్చిన జింక కైమాలో స్కానింగు చేస్తే సీసం నలకలు కనిపించాయి. ఫుడ్ ప్యాంట్రీల నుంచి ఆ మాంసాన్ని వెనక్కి తీయించారు.

సీసం పోయాక మిగిలింది రాగి. 1980ల చివర్లో బార్న్స్ కంపెనీ మొత్తం రాగితో చేసిన ఎక్స్ బుల్లెట్‌ను మార్కెట్లోకి తెచ్చింది. దాని మూతిన సన్నటి రంధ్రం ఉంటుంది. తగలగానే ఆ రంధ్రం చీలి నాలుగు రేకులుగా వెనక్కి విచ్చుకుంటుంది. ఆవలి పక్క చర్మం కింద దొరికిన అలాంటి గుండును కడిగి అరచేతిలో పెట్టుకుని చూస్తే, నాలుగు రేకులూ నాలుగు దిక్కులకు ఒంపు తిరిగి, వాటి వెనక కాడ నునుపుగా అలాగే ఉంటుంది. తూకం వేస్తే బయల్దేరిన బరువు దాదాపుగా మిగిలే ఉంటుంది. సీసం గుండు చాలాసార్లు సగం బరువు దారిలోనే పారబోసుకుంటుంది.

రాగికి రెండు గుణాలున్నాయి, కొనేముందు తెలుసుకోవాలి. సీసం కన్నా తేలిక లోహం కాబట్టి అదే బరువు గుండు పొడుగ్గా తయారవుతుంది. పొడుగు గుండును గొట్టం లోపలి మెలికల గాడులు అంత చప్పున తిప్పలేకపోతే గాల్లో తూలుతుంది. రెండోది, గట్టి లోహం కనుక విచ్చుకోవడానికి వేగం కావాలి. సెకనుకు 1,800, రెండు వేల అడుగుల కన్నా పడిపోతే రేకులు సరిగా విచ్చుకోవు. సన్నటి రంధ్రం చేసుకుని అటు నుంచి ఇటు పోతుంది. ఈ రెంటికీ మందు ఒక్కటే: బరువు తగ్గించి వేగం పెంచడం. సీసంలో 100 గ్రెయిన్లు వాడే .243లో రాగి 80, 85. .308లో 165కు బదులు 130 లేదా 150. .30-06లో 180కి బదులు 165. చిన్న తూటాలు తమ తాహతుకు మించిన పని చేయడం రాగి వచ్చాకే ఎక్కువైంది. తాతల కాలం నాటి 'పెద్ద జంతువుకు బరువు గుండు' సూత్రానికి ఇక్కడే గండి పడింది.

పంది దగ్గర జాగ్రత్త

జింక సులువు. చర్మం పలచన, ఎముక తేలిక. .243 రాగి గుండు జబ్బ వెనక తగిలితే యాభై గజాలు పరిగెత్తి పడిపోతుంది. మన కౌంటీ ఉన్న 'ఏ' (A) జోన్‌లో రైఫిల్ సీజన్ ఆగస్టు రెండో శనివారం మొదలవుతుంది. కొమ్ము కనీసం ఒక చీలికైనా చీలిన మగజింకనే కొట్టాలి. ఎండ నలభై డిగ్రీలకు చేరే రోజులవి. కొట్టిన జింకను గంటలో శుభ్రం చేసి ఐసు మీద పెట్టకపోతే మాంసం పాడవుతుంది. అందుకే వాహనానికి దూరంగా లోయల్లో కాల్చే ముందు వీపు మీద మోయగలరో లేదో ఆలోచించుకోవాలి. మ్యాగ్నం గుండు దగ్గర నుంచి తగిలితే జబ్బ మాంసం మొత్తం నెత్తురు గడ్డై పారేయాల్సి వస్తుంది. కూర కోసం వెళ్లినవాడికి అది నష్టమే.

అడవిపంది సంగతి వేరు. స్పానిష్ వాళ్లు వదిలిన ఊరపందులు, 1920ల్లో జార్జ్ గోర్డన్ మూర్ అనే ధనవంతుడు మాంటెరీ కౌంటీలో తన ఎస్టేటుకు తెప్పించిన యూరప్ అడవిపందులు కలిసిపోయి ఇవాళ రాష్ట్రంలోని 58 కౌంటీల్లో 56కు పాకాయి. శాన్ హోసేలో అల్మాడెన్ వ్యాలీ ఇళ్ల ముందు పచ్చిక దున్నేస్తుంటే జనం గగ్గోలు పెట్టారు. ముదురు మగపందికి రెండు జబ్బల మీదా బొటనవేలంత మందాన గట్టి పొర ఉంటుంది. మగపందులు కోరలతో పొడుచుకునేటప్పుడు కాపాడుకోవడానికి ఏర్పడ్డ కవచమది. పైగా దాని గుండెకాయ జింకకన్నా కిందికి, ముందుకు ఉంటుంది. జింక అలవాటుతో జబ్బ వెనక నడిమికి గురిపెడితే గుండు పొట్టలోకి పోతుంది. పంది పొదల్లోకి పోతుంది. గాయపడ్డ పందిని పొదల్లో వెతకడమంటే ఏమిటో నల్లమల పల్లెల్లో ఎవర్నడిగినా చెబుతారు. మోచేతి కీలుకు కాస్త పైన, కింది మూడో వంతులో కొట్టాలి. దీనికి .243 చాలుతుంది గానీ .308 రాగి గుండు ఉంటే ధీమాగా ఉంటుంది.

పంది వేటకు కావాల్సిన అనుమతి ఏడాదికొకసారి తీసుకుంటే చాలు. అసలు కష్టం చోటుదే. స్టేట్ పార్కుల్లో వేట కుదరదు. పందులెక్కువగా ఉండేవి ప్రైవేటు ర్యాంచ్‌లలో. డబ్బు కట్టి వెళ్లడం, లేదా దక్షిణంగా ఫోర్ట్ హంటర్ లిగెట్ సైనిక స్థావరం వాళ్లు అనుమతించే రోజుల్లో వెళ్లడం.

తూలే ఎల్క్ విషయానికొస్తే అవి ఒకప్పుడు అయిదు లక్షలుండేవంటారు. 1870ల్లో హెన్రీ మిల్లర్ అనే పశువుల ఆసామి భూముల్లో గుప్పెడు మిగిలాయి. ఆయన కాపాడబట్టి జాతి నిలిచింది. 1978లో కొన్నిటిని తెచ్చి మన మౌంట్ హామిల్టన్ కొండల్లో వదిలారు. ఇప్పుడు రాష్ట్రంలో అయిదు వేలు దాటాయి. వాటి ట్యాగ్ లాటరీలో వస్తుంది. ఏళ్ల తరబడి దరఖాస్తు పెట్టినా తగలనివాళ్లే ఎక్కువ. తగిలితే, రెండొందల గజాల లోపు .308 గానీ .270 గానీ .30-06 గానీ రాగి గుండుతో కణితంత ఆ జంతువుకు నిండుగా సరిపోతాయి. దాని కోసం వేరే రైఫిల్ కొనడం అనవసరం.

ఇంట్లో పెట్టుకోవడం

సన్నీవేల్ ఓటర్లు 2013 నవంబరులో మెజర్ సి అనే స్థానిక చట్టాన్ని నెగ్గించారు. చేతి అందుబాటులో లేని తుపాకీని తాళంలో పెట్టాలి. పోతే 48 గంటల్లో పోలీసులకు చెప్పాలి. పది తూటాలకు మించిన మ్యాగజైన్ ఉంచుకోకూడదు. తూటాలు అమ్మేవాళ్లు కొన్నవాళ్ల వివరాలు రెండేళ్లు భద్రపరచాలి. మ్యాగజైన్ నిబంధన మీద కోర్టుకెక్కితే 2015లో నైన్త్ సర్క్యూట్ కోర్టు నగరం పక్షాన నిలిచింది. జింక రైఫిల్‌లో పట్టేవి నాలుగో అయిదో తూటాలు కనుక వేటగాడికి ఆ పది అంకెతో పేచీ లేదు. తాళం సంగతి మాత్రం పట్టించుకోవాలి. అపార్ట్‌మెంట్లో, పిల్లలు తిరిగే ఇంట్లో, బట్టల అలమరలో తువ్వాలు చుట్టి పెడితే కుదరదు. రైఫిల్ ఒక తాళంలో, తూటాలు ఇంకో తాళంలో ఉండాలి. ఆ ఉక్కు పెట్టె ఖరీదును రైఫిల్ బడ్జెట్‌లోనే కలుపుకోండి.

కొనేటప్పుడు ముప్పై ప్రశ్నల ఫైర్‌ఆర్మ్ సేఫ్టీ సర్టిఫికెట్ పరీక్ష ఒకటుంది గానీ, వేట లైసెన్సు ఉన్నవాళ్లు రైఫిల్ కోసం అది రాయనక్కర్లేదు. డబ్బు కట్టాక పది రోజులు ఆగాలి. 2019 నుంచి తూటాలు కొన్నా బ్యాక్‌గ్రౌండ్ చెక్ పెట్టారు, దాని మీద కోర్టుల్లో వ్యాజ్యాలు నడిచాయి. వెళ్లే ముందు ఆ వారం నిబంధన ఏమిటో దుకాణానికి ఫోన్ చేసి కనుక్కోండి.

దుకాణంలోకి అడుగుపెట్టాక రైఫిళ్ల గోడవైపు కాకుండా తూటాల అరవైపు వెళ్లండి. .243, 6.5 క్రీడ్‌మూర్, .308, .270, .30-06 వరుసలో సీసం లేని డబ్బాలు ఎన్ని కంపెనీలవి ఉన్నాయో చూడండి. 2020లో కరోనా మొదలయ్యాక ఈ అరలు చాలాచోట్ల ఖాళీ అయ్యాయి. ముచ్చటపడి అరుదైన తూటా రైఫిళ్లు కొన్నవాళ్లు నెలల తరబడి వాటిని బయటికి తీయలేకపోయారు. రెండు మూడు కంపెనీల రాగి గుండ్లు దొరికే తూటా ఏదైతే, మీ భుజం దాన్ని ఒప్పుకుంటే, ఆ రైఫిల్‌నే తీసుకోండి. ఒక్కో కంపెనీది ఒక్కో డబ్బా కొని రేంజిలో కాల్చి చూడండి. ఒకే రకం రైఫిళ్లు రెండున్నా వాటికి నచ్చే తూటా వేరుగా ఉంటుంది. మీ గొట్టానికి ఏది కుదిరితే దాన్ని అయిదారు డబ్బాలు ఒకేసారి తీసిపెట్టుకోండి. ఎల్క్ లాటరీ దరఖాస్తుకు గడువు జూన్ 2. జింక సీజన్ ఆగస్టు రెండో వారంలో. మధ్యలో ఆ పది రోజుల నిరీక్షణ, రేంజిలో ఖాళీ దొరకడం, పేపర్ ప్లేట్ల మీద సాధన అన్నీ ఉన్నాయి గనక రైఫిల్ కొనడం ఉగాది దాటిన కొత్తలోనే ముగించండి. జూలై ఆఖర్లో కొన్నవాళ్లు ఈ ఏడాదికి బైనాక్యులర్స్ మెడలో వేసుకుని కొండల్లో జింకల జాడలు చూసుకోవడమే మేలు.